మామిడిపండు పఫ్‌లు ఇంట్లో: వెన్న కరగకుండా, పండు కారకుండా ఎలా చేయాలి?

గీత_బెజవాడ (విజయవాడ)

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా ఆడపడుచు వాళ్లు పిల్లలతో వస్తున్నారు. మామిడిపండు లోపల పెట్టి తియ్యటి పఫ్‌లు చేయాలని ఉంది. మా అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి గుడ్డు లేకుండానే కావాలి. నా దగ్గర 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్) ఉంది. ఏసీ పడకగదిలో మాత్రమే ఉంది. కేకులు, నాన్‌ఖటాయీలు చేస్తుంటాను గానీ పఫ్ షీట్లు ఎప్పుడూ చేయలేదు.

అడగాలనుకున్నవి ఇవి. ఈ ఎండల్లో వెన్న నిలుస్తుందా? మామిడిలో ఏ రకం తీసుకోవాలి? పండు రసం కారి అడుగు తడిసిపోకుండా ఏం చేయాలి? ఇంట్లో చిలికిన వెన్న గానీ నెయ్యి గానీ వాడొచ్చా? ఓపిగ్గా చెప్పేవాళ్లుంటే ప్రతి ముక్కా రాసుకుంటాను.

---

ఓవెన్_ఉష (హైదరాబాద్)

గీత గారూ, మేలో కూడా చేయొచ్చు. తెల్లవారుజామున మొదలుపెట్టండి, అంతే. ఐదింటికి వంటగది గట్టు చల్లగా ఉంటుంది. పది దాటాక అదే గట్టు మీద వెన్న పెడితే చూస్తుండగానే జారిపోతుంది.

ముందు పొరలు ఎలా వస్తాయో చెబుతాను. అది తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది. పిండి పొర, వెన్న పొర, మళ్లీ పిండి పొర, ఇలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఓవెన్ వేడికి వెన్నలోని నీళ్లు, పిండిలోని నీళ్లు ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా విస్తరిస్తాయి. ఆ ఆవిరే పొరల్ని పైకి లేపుతుంది. వెన్న ఆ పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. ఇందులో ఈస్ట్ లేదు, బేకింగ్ పౌడర్ లేదు. కాబట్టి ఓవెన్‌లోకి వెళ్లేదాకా వెన్న పొర పొరగానే ఉండాలి. ముందే కరిగి పిండిలో కలిసిపోతే వచ్చేది పఫ్ కాదు, బిస్కెట్.

కొలతలు: మైదా 250 గ్రాములు, కరిగించి చల్లార్చిన వెన్న 30 గ్రాములు, ఐస్ నీళ్లు 120 నుంచి 130 మిల్లీలీటర్లు, ఒక చెంచా నిమ్మరసం. మడతల్లో పెట్టడానికి గట్టి వెన్న 200 గ్రాములు, అంటే 100 గ్రాముల పేకెట్లు రెండు. ఉప్పు లేని వెన్న అయితే పిండిలో ఒక చిన్న చెంచా ఉప్పు వేయండి. ఉప్పు వెన్న అయితే అక్కర్లేదు.

పిండిని చపాతీ పిండిలా మర్దించకండి. ముద్ద అయితే చాలు. ఎక్కువ పిసికితే సాగే గుణం పెరుగుతుంది, తర్వాత ఎంత ఒత్తినా వెనక్కి ముడుచుకుంటుంది. మూతపెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి.

ఈలోగా వెన్నను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో కొట్టి, 15 సెంటీమీటర్ల చదరపు పలకలా చేయండి. ఇక్కడే చాలామందికి పని తప్పుతుంది. వెన్న మరీ గట్టిగా ఉంటే ఒత్తేటప్పుడు లోపల పెళుసుగా విరిగి ముక్కలవుతుంది. పిండి మీద చెయ్యి పెడితే రాళ్లలా తగులుతుంది. మరీ మెత్తగా ఉంటే పక్కల నుంచి బయటికి వస్తుంది. పలకను చేతిలోకి తీసుకుని వంచి చూడండి. విరగకుండా వంగాలి, వేలికి జిడ్డు అంటకూడదు. పిండీ వెన్నా ఒకే మెత్తదనంలో ఉన్నప్పుడు రెండూ కలిసి సాగుతాయి.

పిండిని 22 సెంటీమీటర్ల చదరంగా ఒత్తి, మధ్యలో వెన్న పలకను ఏటవాలుగా పెట్టి, నాలుగు మూలలూ పైకి మడిచి అంచులు అతికించండి. దాన్ని పొడవుగా, సుమారు 45 సెంటీమీటర్లకు ఒత్తి, మూడు భాగాలుగా మడవండి. ఇది ఒక మడత. 90 డిగ్రీలు తిప్పి మళ్లీ పొడవుగా ఒత్తి మళ్లీ మూడుగా మడవండి. చలికాలంలో రెండేసి మడతలు ఒకేసారి వేయొచ్చు. ఇప్పుడు మాత్రం ఒక్కో మడతకీ అరగంట నుంచి ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ప్రతి మడతకీ పొరలు మూడింతలవుతాయి. నాలుగు మడతలకు 81, ఐదుకి 243, ఆరుకి 729. ఇంట్లో చేసే పండ్ల పఫ్‌కి ఐదు చాలు. ఈ ఎండల్లో ఆరో మడత కోసం పిండిని మళ్లీ బయటికి తీసి ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ఒత్తే ముందు గట్టు మీద ఐస్ ముక్కలు వేసిన పళ్లెం పది నిమిషాలు పెట్టి, తీసి, తడి తుడిచేయండి. గ్రానైట్ గట్టు ఈ పనికి బాగా సరిపోతుంది. మధ్యలో ఎక్కడైనా వెన్న బయటికి కనిపిస్తే అక్కడ కాస్త మైదా చల్లి, ఇక ఒత్తకుండా నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేయండి.

---

గీత_బెజవాడ

ఉష గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక్క సందేహం, అంచులు వంకరగా వస్తే కోసేయాలా?

---

ఓవెన్_ఉష

మడతలు వేసేటప్పుడు కోయకండి, చేత్తో సరిచేసుకుంటే చాలు. చివర్లో షీట్ ఒత్తాక మాత్రం నాలుగు వైపులా అర సెంటీమీటరు కోసేయాలి. మడిచిన అంచులో పొరలు మూసుకుని ఉంటాయి, అది లేవదు. కోతకి పదునైన కత్తి గానీ పిజ్జా కట్టర్ గానీ వాడండి. కత్తిని లాగకుండా పై నుంచి నొక్కి కోయండి. తీసేసిన ముక్కల్ని ముద్ద చేయకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వాటి మీద పంచదార చల్లి కాలిస్తే పిల్లలు క్షణాల్లో ఖాళీ చేస్తారు.

---

పఫ్_బాబాయ్ (గుంటూరు)

అమ్మా గీతా, బేకరీ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి. నా మాట కూడా విను. ఎండాకాలంలో బేకరీల్లో వెన్నతో పఫ్ ఎవరూ చేయరు. పేస్ట్రీ మార్జరిన్ వాడతారు, అంటే వెన్నకి బదులుగా నూనెలతో చేసే గట్టి కొవ్వు. కారణం ఉంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెలలో మన ఊళ్లలో గది వేడే అంతకన్నా ఎక్కువ. మార్జరిన్‌ని ఇంకా ఎక్కువ వేడికి నిలిచేలా తయారు చేస్తారు. చేతికి మైనంలా సాగుతుంది, విరగదు, కారదు. కొత్తగా చేసేవాళ్లకి పొరలు తప్పకుండా వస్తాయి. బేకరీ సామాన్లు అమ్మే హోల్‌సేల్ కొట్లో అడిగితే దొరుకుతుంది. మొదటిసారి దాంతో చేసి చేయి తిరిగాక వెన్నకి వెళ్లు.

---

చిన్నారి_వంటిల్లు (విశాఖపట్నం)

బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నా, పండు పఫ్‌కి మార్జరిన్ వద్దు. కూర పఫ్‌లో మసాలా ఘాటు ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. మామిడిపండు పెట్టిన పఫ్‌లో వెన్న రుచి సగం. పైగా మన నోటి వేడి 37 డిగ్రీలు. అంతకన్నా ఎక్కువ వేడికి కరిగే కొవ్వు నోట్లో కరగదు, అంగిలికి పూతలా అంటుకుపోతుంది. టీ తాగితే గానీ వదలదు. చల్లారిన బేకరీ పఫ్ తిన్నాక నాలుక మీద మిగిలేది అదే.

---

పఫ్_బాబాయ్

ఆ పూత సంగతి నిజమే తల్లీ, కాదనను. ఖరీదు తేడా కూడా చూడాలి కదా. ఇక ఆరోగ్యం గురించి అడిగేవాళ్లకి ఒక మాట. పూర్వం ఈ కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్, అంటే గుండెకి చేటు చేసే రకం కొవ్వు, చాలా ఎక్కువ ఉండేది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది. కాబట్టి కొంటే పేకెట్ మీద వివరాలున్న సరుకే కొనండి. విడిగా ముక్క కోసి ఇచ్చేది తీసుకోవద్దు.

---

చిన్నారి_వంటిల్లు

ఈ మాట మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి బాబాయ్ గారూ. అయినా గీత గారు చేసేది ఒక్క పావుకేజీ మైదాతో. ఆ మాత్రానికి పడకగదిలో ఏసీ 20 డిగ్రీలకు పెట్టి, అక్కడే బల్ల వేసుకుని వెన్నతోనే చేయమని నా సలహా. మా ఇంట్లో అలాగే చేస్తాం. ఒక్కటే షరతు, ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే పిండి పైన ఎండి పగులుతుంది.

---

నూజివీడు_తోట (నూజివీడు)

పండు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. మాది మామిడి తోటల కుటుంబం.

రసాలు ఏ రకమైనా సరే, పఫ్‌లో పెట్టకండి. చిన్న రసం, పెద్ద రసం పిండుకుని తాగడానికి, తాండ్ర పోయడానికి పుట్టిన పండ్లు. పీచు, రసం తప్ప ముక్క నిలవదు. బంగినపల్లి సరైనది. అదీ బాగా మగ్గినది కాదు. తొక్క పసుపు తిరిగి, బొటనవేలితో నొక్కితే కొంచెమే లొంగే పండు కావాలి. కలెక్టర్ మామిడి, అదే తోతాపురి, ఇంకా మంచిదని నా అభిప్రాయం. కండ గట్టిగా ఉంటుంది, కొంచెం పులుపు ఉంటుంది, వేడికి ముక్క చెదరదు. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లేది ఎక్కువగా ఈ రకమే. సగం బంగినపల్లి, సగం కలెక్టర్ వేస్తే తీపి, వాసన ఒకదాన్నుంచి, పులుపు, గట్టిదనం ఇంకోదాన్నుంచి వస్తాయి. సువర్ణరేఖ దొరికేవాళ్లు రంగు కోసం కొన్ని ముక్కలు కలుపుకోవచ్చు.

ఇక రసం కారడం. మామిడిపండులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే. పచ్చి ముక్కలకి పంచదార కలిపి పిండిలో పెట్టి ఓవెన్‌లో పెట్టామంటే ఆ పంచదార ముక్కల్లోంచి నీళ్లు లాగుతుంది. ఆ నీళ్లు వెళ్లేది కింది పొరల్లోకే. పొర ఉడికిపోతుంది తప్ప కాలదు. అందుకని ఆ నీళ్లేవో పిండిలో పెట్టకముందే బయటికి రప్పించాలి.

అరకేజీ ముక్కలకు, అంటే అంగుళంలో సగం ఉండే ముక్కలకు, 60 గ్రాముల పంచదార కలిపి జల్లెడలో వేసి కింద గిన్నె పెట్టండి. అరగంటకి గిన్నెలోకి రసం దిగుతుంది. ఆ రసాన్ని మూకుట్లో పోసి సగమయ్యేదాకా మరిగించండి. పావు కప్పు చల్లటి నీళ్లలో రెండు చెంచాల కార్న్ ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి అందులో పోయండి. ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మొదట తెల్లగా, పలచగా ఉంటుంది. కాసేపటికి చిక్కబడి గాజులా మెరుస్తుంది. బుడగలు రావాలి. బుడగలు రాకముందే దించితే కార్న్ ఫ్లోర్ పూర్తిగా ఉడకదు, పిండి వాసన మిగులుతుంది, చల్లారాక మళ్లీ నీరు వదులుతుంది. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ గీత కాసేపు అలాగే నిలవాలి. అప్పుడు మామిడి ముక్కలు వేసి ఒక్కసారి కలిపి స్టవ్ ఆపేయండి. యాలకుల పొడి చిటికెడు. నిమ్మరసం ఒక చెంచా, అదీ ఆపాకే వేయాలి. పులుపు వేసి మరిగిస్తే కార్న్ ఫ్లోర్ చిక్కదనం పలచబడుతుంది.

దీన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి పూర్తిగా చల్లబడ్డాకే వాడాలి. గోరువెచ్చగా ఉన్నా వెన్న కరుగుతుంది.

---

గీత_బెజవాడ

అన్నయ్యా, కలెక్టర్ కాయ పచ్చడికీ పప్పుకీ వాడటమే తెలుసు. పండింది ఇందులో వేయొచ్చని ఇప్పుడే తెలిసింది. ఇంట్లో వెన్న సంగతి ఎవరైనా చెబుతారా? మాకు పాడి ఉంది, వెన్నకి కొదవ లేదు.

---

కోనసీమ_అమ్మమ్మ (అమలాపురం)

అమ్మాయ్, చిలికిన వెన్న కమ్మగా ఉంటుంది గానీ అందులో మజ్జిగ నీళ్లు ఉండిపోతాయి. కొన్న వెన్నలో కొవ్వు 80 పాళ్లు ఉంటుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే, అదీ సమంగా పట్టి ఉంటుంది. ఇంటి వెన్నలో ఎంత నీరుందో మనకి తెలియదు, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వాడాలంటే ఐస్ నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, అరచేత్తో నొక్కి నీటి బొట్లు రాకుండా పిండేసి, పలుచటి బట్టలో చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచు. మర్నాడు పలక చేసుకోవచ్చు. గేదె వెన్న తెల్లగా ఉంటుంది, పఫ్‌కి ఆ పసుపు రంగు రాదు, అంతే తేడా.

నెయ్యి మాత్రం ఈ పద్ధతికి పనికిరాదు. నెయ్యిలో నీళ్లుండవు, చల్లబడితే పూసకట్టి పొడిపొడిగా ఉంటుంది, సాగదు. నెయ్యితో పొరలు రావని కాదు. మడత కాజాకి వచ్చేవి అలాంటి పొరలే కదా. పల్చటి పిండి మీద నెయ్యి రాసి, పొడి పిండి చల్లి, చుట్టి, కోసి వేయిస్తాం. తాపేశ్వరంలో తరాల నుంచి చేస్తున్నారు. ఆ పొరలు నూనెలో వేగి విచ్చుకుంటాయి. ఓవెన్‌లో పొంగడానికి మాత్రం వెన్నే కావాలి.

---

డాలస్_మాధవి (టెక్సాస్)

అమ్మమ్మ గారూ, మీ మాట చదువుతుంటే మా నానమ్మ పక్కన కూర్చున్నట్టుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. ఇక్కడ ఫ్రోజెన్ పఫ్ షీట్లు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. పెపరిడ్జ్ ఫామ్ పేకెట్‌లో రెండు షీట్లు వస్తాయి, అది నూనెలతో చేసింది, వెన్నతో కాదు. కాస్త ఖర్చు పెట్టగలిగితే డుఫోర్ పూర్తిగా వెన్నతో చేసింది. ఇంగ్లండ్‌లో ఉన్న మా చెల్లెలు జస్‌రోల్ వాడుతుంది. ఏది కొన్నా వెనక పదార్థాల జాబితాలో వెన్న ఉందో లేదో చదవండి. బయట 40 నిమిషాలు పెడితే విప్పడానికి వీలవుతుంది. గట్టిగా ఉండగానే విప్పితే మడతల దగ్గర పగులుతుంది. పూర్తిగా మెత్తబడేదాకా వదిలేస్తే పొరలు కలిసిపోతాయి.

ఇండియన్ స్టోర్ మామిడి గుజ్జు డబ్బా వాడేవాళ్లకి: అందులో చాలావరకు ముందే పంచదార కలిపి ఉంటుంది. మళ్లీ పంచదార వేయకుండా, అడుగు మందంగా ఉన్న గిన్నెలో దగ్గరపడేదాకా ఉడికించండి. మధ్యలో చిటచిటా ఎగిరి చేతుల మీద పడుతుంది, పొడవు గరిటె వాడండి.

---

ఓటీజీ_కొత్త (వరంగల్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర ఓటీజీ లేదు, కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉంది. దాంట్లో వస్తుందా?

---

ఓవెన్_ఉష

వస్తుంది, కన్వెక్షన్ మోడ్‌లోనే పెట్టాలి, మైక్రో పవర్ అస్సలు కలపొద్దు. చాలా మోడళ్లు 200 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. 200కే ప్రీహీట్ చేసి, అంటే ఖాళీగా ముందే వేడెక్కించి, బీప్ వచ్చాక కూడా ఇంకో పది నిమిషాలు ఆగండి. కింది భాగం సరిగ్గా కాలదు కాబట్టి, స్టాండ్ మీద ఒక మెటల్ ప్లేట్ ప్రీహీట్‌లోనే వేడెక్కనిచ్చి, పఫ్‌లను కాగితంతో సహా దాని మీదికి జరపండి. ఒకసారికి నాలుగైదు మించి పెట్టకండి.

ఇక గీత గారి ఓటీజీ. పైనా కిందా రెండు రాడ్లూ ఆన్ చేసి 220కి ఇరవై నిమిషాలు ప్రీహీట్. డయల్ చూపించే వేడికీ లోపలి వేడికీ తేడా ఉండటం మామూలే. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, అన్నిటికీ పనికొస్తుంది. మొదటి 15 నిమిషాలు 220, తర్వాత 190కి తగ్గించి ఇంకో 10 నుంచి 15 నిమిషాలు. మొదటి పదిహేను నిమిషాల్లో తలుపు తెరవొద్దు. ఆవిరి పైకి తోస్తూ ఉంటుంది, గోడలు ఇంకా గట్టిపడి ఉండవు, తెరిస్తే కూలిపోతాయి.

ముదురు గోధుమరంగు వచ్చేదాకా ఉంచండి. మనవాళ్లు లేత రంగు రాగానే భయపడి తీసేస్తారు. పైన పొర కరకరలాడుతుంది గానీ లోపల మధ్య పొరలు పచ్చి పిండిలాగే ఉంటాయి. పక్క నుంచి చూస్తే పొరల మధ్య కూడా రంగు కనిపించాలి. పైన మాడుతున్నట్టుంటే ఫాయిల్ కప్పండి, కాలాన్ని మాత్రం తగ్గించకండి.

మన కొట్లలో బటర్ పేపర్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని మైనం పూసినవి ఉంటాయి. అవి ఓవెన్‌లో పెట్టకూడదు. వెన్నను ఒత్తుకోవడానికి ఏదైనా ఫర్వాలేదు. కాల్చేటప్పుడు మాత్రం బేకింగ్ కాగితం అని రాసి ఉన్నదే వాడాలి.

---

చార్మినార్_చాయ్ (హైదరాబాద్)

పండు రసం గొడవ లేకుండా చేసే దారి మన హైదరాబాద్ బేకరీల్లో ఎప్పటినుంచో ఉంది. దిల్ పసంద్ తినే ఉంటారు. రెండు గుండ్రటి పొరల మధ్య కొబ్బరి, టూటీ ఫ్రూటీ పెట్టి కాల్చి, ముక్కలుగా కోసి అమ్ముతారు. టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలే. పాకంలో నానబెట్టి ఆరబెట్టేసరికి వాటిలోని నీళ్లు పోయి పంచదార నిండుతుంది. అందుకే అవి ఓవెన్‌లో కారవు. పైన నూజివీడు అన్న చెప్పిన పద్ధతిలో కూడా ఉన్నది ఇదే సూత్రం.

గీత గారూ, మామిడి ముక్కల కింద ఒక చెంచా ఎండుకొబ్బరి తురుము చల్లి చూడండి. మిగిలిన తడి అది పీల్చుకుంటుంది, రుచి కూడా కలుస్తుంది. రస్క్ పొడి వేసినా ఫర్వాలేదు, నాకు మాత్రం కొబ్బరే ఇష్టం.

---

టాంపా_రవి (ఫ్లోరిడా)

మామిడి సీజన్ అయిపోయాక కూడా ఈ థ్రెడ్ చదివేవాళ్లుంటారు కాబట్టి జామపండు గురించి రాస్తున్నా. మా ఊళ్లో క్యూబా వాళ్ల బేకరీలు చాలా ఉన్నాయి. వాటిలో పొద్దున్నే దొరికేది జామ పఫ్, పస్తెలీతో అంటారు. గట్టిగా పలకలా పోసిన జామ హల్వాను, కొన్నిసార్లు క్రీమ్ చీజ్ ముక్కతో కలిపి, పఫ్ షీట్ల మధ్య పెట్టి కాలుస్తారు, పైన పంచదార పాకం రాస్తారు. మొదటిసారి తిన్నప్పుడు ఇది మన జామపండు వాసనే కదా అని ఆగిపోయాను.

జామలో పెక్టిన్, అంటే గుజ్జుని గడ్డకట్టించే పదార్థం, ఎక్కువ. అందుకని కార్న్ ఫ్లోర్ అక్కర్లేదు. పండ్లు ఉడకబెట్టి గింజలు వడకట్టేసి, గుజ్జుకి సమానంగా పంచదార, కొంచెం నిమ్మరసం వేసి, గిన్నె అంచులు వదిలేదాకా తిప్పితే పళ్లెంలో పోసి ముక్కలు కోసుకోవచ్చు. గులాబీరంగు జామ అయితే కోసినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది. అడుగు తడవడం అన్న సమస్యే రాదు. కొత్తగా చేసేవాళ్లకి అన్ని పండ్లలోకీ ఇదే సులువని నా నమ్మకం.

---

చిన్నారి_వంటిల్లు

రవి గారూ, చాలా బాగా చెప్పారు. మిగతా పండ్లు నేను టూకీగా చెప్పేస్తా. ఆపిల్ అయితే పులుపున్న గట్టి రకం కావాలి. ఎర్ర డెలీషియస్ ఉడికితే మెత్తగా ముద్దయిపోతుంది. దానికి ముద్దగానే ఉడికించి వాడుకోవడం మేలు. ఫ్రాన్స్‌లో బేకరీల్లో అమ్మే ఆపిల్ పఫ్‌లో ఉండేది కూడా ఉడికించిన ఆపిల్ ముద్దే. అనాసను బాగా దగ్గరపడేదాకా ఉడికించాలి. అరటిపండులో చక్కెరకేళి బాగుంటుంది, ఉడికించక్కర్లేదు, గట్టి పండును చక్రాలుగా కోసి పెట్టేయడమే. బెల్లం వేస్తే పొడి చేసి కొంచెమే, అది త్వరగా పాకమై బయటికి కారి ట్రేకి అంటుకుని మాడుతుంది.

సీతాఫలం మాత్రం ఓవెన్‌లో పెట్టొద్దు. వేడి చేస్తే ఆ గుజ్జు చేదెక్కుతుంది. ఖాళీ పఫ్‌లు కాల్చి, చల్లారాక కోసి, మీగడతో కలిపిన సీతాఫలం గుజ్జు లోపల పెట్టండి. అక్టోబరులో మా ఇంటికి చుట్టాలొస్తే మొదట అడిగేది ఇదే.

---

గీత_బెజవాడ

గుడ్డు లేకుండా పైన ఏం రాయాలి? అంచులు దేంతో అతికించాలి?

---

కోనసీమ_అమ్మమ్మ

అంచులకి నీళ్లు చాలు. వేలితో పల్చగా తడిపి, మడిచి, ఫోర్క్‌తో నొక్కు. పైన చిక్కటి పాలల్లో కాస్త పంచదార కరిగించి రాయి. పాల మీగడ అయితే ఇంకా మంచి రంగు వస్తుంది.

---

పఫ్_బాబాయ్

దీనికి నేను కూడా ఒకటి కలుపుతాను. పాలైనా గుడ్డైనా పై భాగానికే రాయండి. కోసిన పక్కల మీదికి ఒక్క చుక్క కారినా అది కాలి జిగురులా పొరల్ని పట్టేస్తుంది, ఆ వైపు పఫ్ లేవదు, వంకరగా వస్తుంది. బ్రష్‌ని గిన్నె అంచుకి రాసి, పిండేసి, అప్పుడు పూయాలి. పని నేర్పేటప్పుడు కుర్రాళ్లకి నేను మొదట చూపించేది ఇదే. పూశాక పైన కత్తి మొనతో రెండు మూడు గాట్లు పెట్టండి. లోపలి ఆవిరికి దారి లేకపోతే అంచు చీల్చుకుని వస్తుంది.

---

గీత_బెజవాడ

అందరూ చెప్పినవి రాసుకున్నాను. శనివారం సాయంత్రం అందరికీ వేడిగా పెట్టాలంటే ఏ పని ఎప్పుడు చేయాలి? ఆ రోజు వంటగదిలో ఇంకా చాలా పనులుంటాయి. మాకు మధ్యాహ్నం కరెంటు కూడా పోతూ ఉంటుంది.

---

ఓవెన్_ఉష

శనివారం ఏమీ పెట్టుకోకండి. గురువారం తెల్లవారుజామున పిండి, మడతలు మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతాయి. మామిడి కూడా ఆ రోజే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రంతా పిండి ఫ్రిజ్‌లో ఉంటే మర్నాడు ముడుచుకోకుండా ఒత్తడానికి లొంగుతుంది. శుక్రవారం పొద్దున్నే షీట్ 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంగా ఒత్తి, 10 సెంటీమీటర్ల చదరాలు కోయండి. పై కొలతకి ఒక డజను దాకా వస్తాయి. ఒక్కోదాంట్లో ఒక పెద్ద చెంచా మామిడి, అంతకు మించి వద్దు. త్రికోణంగా మడిచి, అంచులు నొక్కి, పచ్చివి పచ్చిగానే ట్రేలో దూరం దూరంగా పేర్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక డబ్బాలో వేసి మూతపెట్టుకోవచ్చు. నెల రోజులు బాగుంటాయి. కరెంటు ఒకటి రెండు గంటలు పోయినా ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంటే ఏమీ కాదు.

శనివారం సాయంత్రం కరెంటు ఉన్న టైమ్ చూసుకుని ఓవెన్ వేడిచేసి, ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే పెట్టేయండి. కరగనివ్వాల్సిన పని లేదు. పాలు పూసి, గాట్లు పెట్టి 220లో పెట్టండి. మామూలుకన్నా ఓ అయిదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది. అలా గడ్డకట్టిన పఫ్‌లు ఇంకా బాగా లేస్తాయి, వెన్న కరిగేలోపే బయటి పొర బిగుస్తుంది కాబట్టి.

తీశాక ట్రేలోనే వదిలేయకుండా జాలీ మీదికి మార్చండి, లేకపోతే అడుగున చెమట పట్టి మెత్తబడతాయి. పిల్లలకి పది నిమిషాలు ఆగి ఇవ్వండి, లోపలి మామిడి చాలాసేపు వేడిగానే ఉంటుంది, నోరు కాలుతుంది. మిగిలితే మర్నాడు 180లో ఏడెనిమిది నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మాత్రం పొరలు సాగుతాయి.

---

గీత_బెజవాడ

జాలీ స్టాండ్ లేదు, ఇడ్లీ కుక్కర్‌లో చిల్లుల ప్లేటు ఉంది. బోర్లించి వాడుకోవచ్చా?

---

ఓవెన్_ఉష

వాడుకోవచ్చు. కింద గాలి ఆడేలా రెండు గిన్నెల మీద ఎత్తుగా పెట్టండి.